కాలువకు నీళ్లు వచ్చే లోపల నడుముకు చేయవలసిన పని

ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలకు జూన్‌లో నీళ్లు వదులుతారు. ఆకుమడి పోసిన 25, 30 రోజులకు ఊడ్పులు మొదలవుతాయి. రోహిణి కార్తె ఎండల్లో చేలు నెర్రెలు విచ్చి, కాలువ అడుగు కనిపిస్తున్నప్పుడే లెక్క వేసుకుంటే, చేలో దిగే మనిషి నడుముకు ఇంకా ఆరు వారాల గడువు ఉన్నట్టు. ఆ ఆరు వారాల్లో ట్రాక్టరు బాగుచేయిస్తాం, గట్లు సరిచేస్తాం, విత్తనాల మొలక చూసుకుంటాం. నడుము సంగతి మాత్రం అది పట్టేసిన రోజున గుర్తుకొస్తుంది.

నేను కోనసీమలో ఫిజియోథెరపిస్టుని. ఏటా పునర్వసు కార్తె వచ్చేసరికి మా గది ముందు బల్ల నిండిపోతుంది. ఎక్కువమంది ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లే. ఆకు తీసి కట్టలు మోసే మగవాళ్లూ ఉంటారు. చాలామంది అప్పటికే ఒకటి రెండు సూదులు వేయించుకుని, మందుల షాపులో బెల్టు కొనుక్కుని, మళ్లీ చేలో దిగి, ఇక నిటారుగా నిలబడలేక వస్తారు. ఆ స్థితిలో నేను చేయగలిగేది తక్కువ. అదే మనిషి మే నెలలో వస్తే చేయించగలిగేది చాలా ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. పిలాటిస్ అనేది ఊపిరినీ ఒంటినీ అదుపులో పెట్టడం నేర్పే వ్యాయామ పద్ధతి; నేను చెప్పబోయేవి చాలావరకు అందులోవే. రెండేళ్ల క్రితం ఒకావిడ వచ్చి, "ఫోనులో చూసి పిలాటిస్ చేస్తున్నానండి, నొప్పి తగ్గకపోగా పెరిగింది" అన్నారు. చేసి చూపించమన్నాను. వెల్లకిలా పడుకుని, తలా కాళ్లూ కలిపి పైకెత్తి, చేతులు ఆడిస్తూ వంద వరకు లెక్కపెట్టారు. ఆ తర్వాత కాళ్లు చాపి కూర్చుని బొటనవేళ్లను అందుకున్నారు. రెండూ పిలాటిస్‌లో ఉన్నవే, ఆవిడ చేసిన తీరులో పెద్ద తప్పు కూడా లేదు. తప్పంతా ఎంపికలో ఉంది. ఆ రెండు భంగిమల్లోనూ వెన్ను ముందుకే వంగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో వంగిన నడుమును ఇంటికొచ్చి చాప మీద మళ్లీ వంచితే అది ఏ విధంగా కోలుకుంటుంది?

కాబట్టి నా మాట ఒక్కటే: వంగి పనిచేసేవాళ్లు వంగే వ్యాయామాలు పక్కన పెట్టండి. వెనక్కి వంచేవి, నిలకడ నేర్పేవి ఎంచుకోండి. డిస్కు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు) నొప్పి ఉన్నవారికి, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు ఇది మరీ అవసరం. వెన్నును గుండ్రంగా చుట్టి లేవడం, బంతిలా దొర్లడం, నడుమును బలంగా మెలితిప్పడం వాళ్లు అసలు చేయకూడదు.

పిలాటిస్ అనేది అంత ఖరీదైన వ్యవహారమా అని కొందరికి సందేహం. దీన్ని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడిన బక్కపలచని పిల్లవాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో ఉన్నందుకు జర్మన్ పౌరుడని నిర్బంధించారు. ఆ శిబిరంలోనే తోటివాళ్ల చేత వ్యాయామాలు చేయించాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. మన మాటల్లో చెప్పాలంటే ఒంటిని అదుపులో పెట్టే విద్య. స్ప్రింగుల యంత్రాలు నగరాల్లో ఉంటే ఉండనివ్వండి, మనకు తుంగచాప చాలు. దీనికి లేని మహిమ అంటగట్టనవసరం కూడా లేదు. నడుము నొప్పికి పిలాటిస్ మీద జరిగిన 10 పరీక్షలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో కలిపి సమీక్షించింది. ఏమీ చేయకుండానో, నామమాత్రపు చికిత్సతోనో ఉండటం కంటే ఇది మేలు చేయవచ్చునని, మిగతా వ్యాయామాల కంటే మిన్న అనడానికి మాత్రం గట్టి ఆధారం లేదని తేల్చింది. మీరు ఏళ్ల తరబడి యోగా చేస్తూ ఉంటే మానేసి ఇందులోకి రానక్కర్లేదు.

ఇక చేయవలసినవి. మొదటిది ఊపిరి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, అరిచేతులు పక్కటెముకల మీద పెట్టండి. పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. వదిలేటప్పుడు బొడ్డు కింది భాగం మెల్లగా లోపలికి తగ్గాలి. నడుము కింద అరచెయ్యి దూరేంత సందు సహజంగా ఉంటుంది, దాన్ని నేలకు అదిమేయకండి. బరువు ఎత్తే క్షణంలో ఊపిరి బిగబట్టడం మనకు అలవాటు. రక్తపోటు ఉన్నవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు, గర్భసంచి జారిన ఆడవాళ్లకు అదే చేటు. అన్నట్టు, పాట పాడుతూ ఊడ్చే ముఠాలో ఎవరూ ఊపిరి బిగబట్టలేరు. పాట పోయి చెవిలో ఇయర్‌ఫోను వచ్చాక ఆ లాభం కూడా పోయింది.

రెండోది వంతెన. అదే పడకలో మడమలు నేలకు నొక్కి పిరుదులు పైకెత్తాలి. భుజం, తుంటి, మోకాలు ఒకే గీతలోకి రాగానే ఆగి, మూడు ఊపిర్లు తీసి, నెమ్మదిగా దించాలి. ఎనిమిది సార్లు చాలు. తొడ వెనక పట్టేస్తుంటే మడమలు ఇంకొంచెం దగ్గరికి లాక్కోండి.

మూడోది బోర్లా పడుకుని అరిచేతులు భుజాల పక్కన పెట్టి ఛాతీ కాస్త పైకెత్తడం. ఇది భుజంగాసనమే కదా అంటారు. దాదాపు అదే. మెడను వెనక్కి విరవకుండా, చూపు చాప అంచు మీద ఉంచి, నడుములో నొక్కినట్టు అనిపించే లోపలే ఆగాలి.

నాలుగోదాని దగ్గర కొంచెం ఆగుతాను, నాకు ఇష్టమైనది ఇదే. చేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కీ చాపాలి. తర్వాత రెండో వైపు. చూడటానికి తేలిక. అది సరిగా వస్తోందా లేదా అన్నది అద్దంలో కూడా సరిగా తెలియదు. మా అమ్మ ముప్పై ఏళ్లు ఊడ్పులకు వెళ్లిన మనిషి. ఆవిడకు నేర్పేటప్పుడు సగం నీళ్లు పోసిన స్టీలు చెంబు నడుము మీద పెట్టాను. "చెంబుతో ఆటలేమిటే నాకు ఈ వయసులో" అంది. చెయ్యి ఎత్తింది, ఏమీ కాలేదు. కాలు ఎత్తబోయేసరికి తుంటి ఒక పక్కకు ఒరిగి చెంబు బోర్లా పడింది, చీర కుచ్చెళ్లు తడిశాయి. రెండోసారీ అంతే. నాలుగో రోజున కాలు పైకి ఎత్తడం మానేసి, బొటనవేలు నేలమీద రాస్తూ వెనక్కి జరపడం తనే కనిపెట్టింది. చెంబు కదల్లేదు. మూడో వారానికి వేలు నేలను వదిలింది. అదుపు అంటే అదే. కాలు ఎంత ఎత్తు లేచిందని చూడకండి, నీళ్లు ఒలికాయా లేదా చూడండి.

అయిదోది తుంటికి. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు కలిపి ఉంచి, పై మోకాలిని చిప్ప తెరుచుకున్నట్టు పైకి తెరవడం. దమ్ము చేసిన రేగడిలో పిక్కల దాకా దిగిన కాలిని పైకి లాగేది తుంటి. అది బలహీనంగా ఉంటే ఆ పని నడుము నెత్తిన పడుతుంది. కాలు బురదలో ఇరుక్కుని ఉండగా ఒళ్లు మాత్రం పక్కకు తిప్పితే మోకాలి లోపలి గుజ్జు చిరిగే ప్రమాదం కూడా ఉంది. ముందు కాలు లాగండి, తర్వాత తిరగండి.

ఇవన్నీ కలిపి రోజుకు 20 నిమిషాలు. వారానికి అయిదు రోజులు చేస్తే చాలు. అయితే పొద్దున లేవగానే చేయకండి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. వ్యాయామం సాయంత్రానికి పెట్టుకోండి. ఊడ్పుల రోజుల్లోనూ లేవగానే వాకిలి ఊడవడం, వంగి ముగ్గు పెట్టడం ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. అప్పగించడానికి ఎవరూ లేకపోతే ముందు కాసేపు నడిచి తర్వాత వంగండి.

నొప్పిని కొలవడానికి నేను రూపాయి లెక్క చెబుతాను. భరించలేని నొప్పి రూపాయి అనుకుంటే, వ్యాయామంలో పావలా వరకు ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలుకు రావాలి. అర్ధరూపాయికి చేరితే వ్యాయామం సగానికి తగ్గించండి. నొప్పి ఎంత అన్నదానికంటే ఎటు పోతోంది అన్నది ముఖ్యం. నడుములో ఉన్నది పిరుదుకు, అక్కడి నుంచి తొడకు, పిక్కకు దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయండి. పిక్కలో ఉన్నది వెనక్కి ఎక్కి నడుములోకి చేరితే, నడుములో కాస్త ఎక్కువగా అనిపించినా అది మంచి కబురే.

స్కానింగు కాగితం చూసి బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేనివాళ్లకు స్కానింగు తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కకడితే, 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. డిస్కు ఉబ్బిందన్న ఒక్క ముక్కకే ఊడ్పులు జన్మలో మానేయనవసరం లేదు.

ఇక చేలో. ఎడమచేతిలో ఆకు కట్ట పట్టుకుని, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి గుచ్చుతూ, వెనక్కి అడుగు వేస్తూ పోవడమే పని. చాలాసేపు అలా వంగి ఉంటే వెన్ను కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు సాగి, వాటికి కాపలాగా ఉండే కండరాలు మొద్దుబారతాయి. లేచిన వెంటనే అవి తేరుకోవు. చూస్తే నడుము పట్టేసేది ఊడుస్తున్నప్పుడు కాదు. గట్టు మీదికి రాగానే బిందె ఎత్తినప్పుడు, తడి ఆకు కట్టల మోపు తలకెత్తుకున్నప్పుడు. కాబట్టి వంగిన పని నుంచి లేచాక రెండు నిమిషాలు ఊరికే నడవండి. రెండు చేతులూ నడుము మీద పెట్టి అయిదారు సార్లు వెనక్కి వాలండి. అప్పుడు బరువు ముట్టుకోండి. కుప్పనూర్పుల్లో 75 కిలోల బస్తా దగ్గరా ఇదే. ఒక్కరే ఎత్తే పంతం వద్దు.

అరగంటకోసారి లేచి నిలబడమని చెప్పడం నాకు తేలిక, ఊడ్చేవాళ్లకు కష్టం. ముఠా వరసలో ఒక్కరు ఆగితే ఆ జాగా వెనకబడుతుంది. ఎకరానికి ఇంత అని గుత్తకు ఒప్పుకున్నప్పుడు ప్రతి నిమిషమూ కూలి డబ్బే. అందుకని ఈ మాట ఒక్కొక్కరికీ కాదు, మేస్త్రీకి చెప్పండి. వరస గట్టుకు చేరిన ప్రతిసారీ అందరూ కలిసి ఒక నిమిషం నిలబడితే ఎవరూ వెనకబడరు. రైతులు ఆ నిమిషం చూసి సణగకూడదు. ఊడ్పుల మధ్యలో ఇద్దరు పడిపోతే దొరికే కూలీ లేరని వాళ్లకే ఎక్కువ తెలుసు.

సూది వేయించుకుని చేలో దిగడం మానండి. నొప్పి కనిపించకుండా పోతుంది గాని గాయం అలాగే ఉంటుంది. చెమటలు కక్కే ఎండలో, నీళ్లు తక్కువ తాగుతూ నొప్పి బిళ్లలు మింగితే మూత్రపిండాలకు దెబ్బ. బెల్టు బరువులెత్తే పూట కట్టుకోండి, నిద్రలో కూడా ఉంచుకోకండి.

వ్యాయామంతో ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తవలసినవి కొన్ని ఉన్నాయి. కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం. వీటికి ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. చెట్టు మీది నుంచో గట్టు మీది నుంచో పడ్డాక వచ్చిన నొప్పి, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, బరువు తగ్గుతూ వచ్చే నొప్పి డాక్టరు చూడాలి. వరిచేలో దిగిన వారం, పది రోజులకు జ్వరంతో పాటు పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేట్టు ఉండి, కళ్లు ఎర్రబడితే అది ఊడ్పుల అలసట కాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. కాళ్ల పగుళ్లకు, గాయాలకు కట్టు లేకుండా నీళ్లలో దిగకండి. గర్భిణులు, ఆపరేషన్ అయి ఆరు నెలలు నిండనివాళ్లు పైన చెప్పినవి సొంతంగా మొదలుపెట్టవద్దు.

ఇది చదివేసరికే మీ ఆకుమడి ఊడ్పుకు సిద్ధమై ఉంటే, అయిదు వ్యాయామాలూ ఒకేసారి మీద వేసుకోకండి. కొత్త వ్యాయామం చేసిన రెండో మూడో రోజున కండరాల నొప్పి ఎక్కువగా ఉంటుంది, దానితోనే చేలో దిగవలసి వస్తుంది. ఊపిరి, వంతెన ఈ రెండే చేయండి. సాయంత్రం ఇంటికి రాగానే నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు నవారు మంచం మీద ఆనించి పది నిమిషాలు కళ్లు మూసుకోండి. వంట ఆ తర్వాత చూసుకోవచ్చు. చెంబు పని ఊడ్పులు అయ్యాక, శ్రావణంలో మొదలుపెడితే కోతల నాటికి అందుతుంది.