ట్రక్కు తలుపు పడకముందే: అమెరికాలో రాష్ట్రం మారుతున్నవాళ్లకు

గత శనివారం మధ్యాహ్నం టెక్సాస్‌లో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మూడు గంటలు ఎండలో నిలబడ్డాను. పక్కన, న్యూజెర్సీలో చదువు ముగించుకుని ఇక్కడ ఉద్యోగంలో చేరడానికి వచ్చిన ఒక తమ్ముడు. ఎదురుగా అతని సామాను ఉన్న ట్రక్కు, దానికి తాళం. బుక్ చేసినప్పుడు 1,900 డాలర్లు అన్నారట. ఇప్పుడు 4,100 ఇస్తేనే తలుపు తీస్తామంటున్నారు. అది కూడా మనీ ఆర్డర్ అయినా ఇవ్వాలి, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి) లో అయినా పంపాలి. కార్డు తీసుకోరట.

ఆ అబ్బాయి చేతిలో నాలుగు కాగితాలున్నాయి. నాలుగింటి మీదా అతని సంతకం ఉంది. "ఇందులో ఏం రాసుంది?" అని అడిగాను. "చదవలేదన్నా, వాళ్లు తొందరపెట్టారు" అన్నాడు.

నిజం చెప్పాలంటే అతని మీద కోపం వచ్చింది. కాసేపటికి, చెప్పాల్సినవాడిని నేనే చెప్పలేదని బాధేసింది. ఎందుకంటే 2015లో నాకు అచ్చంగా ఇదే జరిగింది. పరువు పోతుందని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

పెట్టెలు ఎక్కడ కొనాలి, కరెంటు కనెక్షన్ ఎలా తీసుకోవాలి లాంటివి నేను చెప్పను. అవి రూమ్మేట్లే చెప్తారు. వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారిన పది రోజుల్లోపు ఇమిగ్రేషన్ వాళ్లకు కొత్త అడ్రస్ తెలియజేయాలి. అది మాత్రం మరవకండి. మిగతాదంతా ట్రక్కు గురించే.

ముందుగా ఒక సంగతి. ఫోన్లో మీతో తియ్యగా మాట్లాడేవాడు, ఇంటికి వచ్చి సామాను ఎత్తేవాడు చాలాసార్లు వేరు వేరు మనుషులు. ఫోన్లో ఉన్నది బ్రోకర్. అతనికి ట్రక్కు ఉండదు, మనుషులు ఉండరు. మీ దగ్గర డిపాజిట్ తీసుకుని, ఆ పనిని ఏదో ట్రక్కు కంపెనీకి అప్పగిస్తాడు. బ్రోకర్ కావడం నేరం కాదు, దానికీ లైసెన్సు ఉంటుంది. కానీ "మీది బ్రోకరా, క్యారియరా (అంటే సొంతంగా సామాను మోసే కంపెనీయా)?" అని మీరు అడగాలి. అడిగితే సూటిగా చెప్పనివాడితో బేరం వద్దు. రాష్ట్రాలు దాటి సామాను మోసే ప్రతి కంపెనీకీ యూఎస్‌డాట్ నంబర్ (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే నంబర్) ఉండాలి. ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే అది క్యారియరా బ్రోకరా, ఇంటి సామాను మోయడానికి అనుమతి ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. "ప్రొటెక్ట్ యువర్ మూవ్" అని వెతికితే ఆ పేజీకి దారి దొరుకుతుంది. ఐదు నిమిషాల పని. వందల డాలర్ల ఫోన్ కొనేముందు నలభై రివ్యూలు చదువుతాం కదా, ఇంటి సామానంతా అప్పగించే ముందు ఈ ఐదు నిమిషాలు పెట్టలేమా?

వచ్చిన ట్రక్కు మీద ఉన్న పేరు, నంబర్ కూడా చూడండి. మా ఇంటికి వచ్చిన ట్రక్కు మీద ఏ పేరూ లేదు. పసుపు రంగు అద్దె ట్రక్కు. నేను చూశాను, చూసి కూడా ఊరుకున్నాను.

ఇక అసలు విషయం. దయచేసి ఇది రెండుసార్లు చదవండి.

2015 ఆగస్టులో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి డల్లాస్ వైపు వచ్చాం, 1,500 మైళ్ల పైనే. మా ఆవిడకు ఐదో నెల. లీజు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు అయిపోతుంది, తాళాలు ఆఫీసులో ఇచ్చేయాలి. ఉదయం ఎనిమిదికి వస్తామన్న ట్రక్కు పదిన్నరకు వచ్చింది. ముగ్గురు మనుషులు గబగబా ఎత్తడం మొదలుపెట్టారు. పరుపు ఎక్కింది, సోఫా ఎక్కింది, వంటింటి పెట్టెలు సగం ఎక్కాయి. అప్పుడు వాళ్లలో పెద్దవాడు అట్టకు క్లిప్పుతో పట్టించిన కాగితాలు తెచ్చాడు. "సార్, మీరు చెప్పినదానికంటే సామాను ఎక్కువుంది, ఇంకొంచెం జాగా పడుతుంది, ఇక్కడ ఒక సంతకం" అన్నాడు. సంతకం చేయాల్సిన చోట నీలం పెన్నుతో ముందే ఇంటూ గుర్తు పెట్టి ఉంది. పై కాగితం నిండి ఉంది. కింది కాగితంలో మొత్తం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. గడియారం చూసుకున్నాను, పదకొండుంబావు. సంతకం పెట్టేశాను.

2,100 డాలర్ల మాట డల్లాస్‌కు వచ్చేసరికి 3,900 అయింది. పంతొమ్మిది రోజులు గాలి పరుపు మీద పడుకున్నాం. అది కూడా రాత్రి రెండింటికి గాలి దిగిపోయేది. చివరికి బ్యాంకుకు వెళ్లి మనీ ఆర్డర్ తెచ్చి ఇచ్చాను.

అప్పుడు తెలియక, తర్వాత తెలుసుకున్నది ఇది. సామాను అనుకున్నదానికంటే ఎక్కువుందని కంపెనీకి అనిపిస్తే, ఆ మాట ట్రక్కులోకి ఎక్కించకముందే చెప్పాలి. అప్పుడు వాళ్లకున్న దారులు మూడే. పాత ధరకే ఒప్పుకోవడం, మీతో మాట్లాడి కొత్త ఎస్టిమేట్ రాసి ఇద్దరూ సంతకం చేయడం, లేదా మాకు వద్దని వెళ్లిపోవడం. కొత్త ఎస్టిమేట్ లేకుండా ఎక్కించడం మొదలుపెట్టారంటే పాత ఎస్టిమేట్‌కే కట్టుబడ్డట్టు. ఇది ఫెడరల్ రూలు. ఎక్కించాక కొత్త ఎస్టిమేట్ మీద సంతకం అడగకూడదు. అందుకే సగం ఎక్కాక వచ్చే కాగితం అంత తొందరగా, అంత మర్యాదగా వస్తుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఖాళీ గడి ఉన్న ఏ కాగితం మీదా పెట్టకండి. లీజు టైం దాటిపోతోందా? ఆఫీసుకు ఫోన్ చేసి రెండు గంటలు అడగండి. రోజు అద్దె అదనంగా పడినా అది వందా నూటయాభైతో పోతుంది. తమ్ముడూ, అక్కడ నువ్వు ఆగలేకపోతే ఇక్కడ ఎంత అరిచినా లాభం లేదు.

ఎస్టిమేట్‌లో కూడా రెండు రకాలున్నాయి. బైండింగ్ అంటే రాసిన సామానుకు, రాసిన పనులకు రాసిన ధరే. నాన్ బైండింగ్ అంటే ట్రక్కును తూచాక వచ్చే బరువును బట్టి ధర మారొచ్చు. కానీ అందులోనూ ఒక హద్దు ఉంది. ఇంటి గుమ్మం దగ్గర వాళ్లు మీ నుంచి వసూలు చేయగలిగింది ఎస్టిమేట్‌లో 110 శాతం వరకే. అది కట్టారంటే సామాను దించాల్సిందే. మిగిలింది ఏమైనా ఉంటే 30 రోజుల తర్వాత బిల్లు పంపుకోవాలి. మెట్లు, దూరం మోయడం, పెద్ద ట్రక్కు లోపలికి రాక చిన్న బండిలో తేవడం లాంటివాటికి వేరే చార్జీలుంటాయి కాబట్టి అవి కూడా ముందే రాయించుకోండి. నా 2,100కి 110 శాతమంటే 2,310. నేను ఇచ్చింది 3,900. ఆ తేడా 1,590 డాలర్లు. ఆ లెక్క ఇప్పటికీ నోటికి వస్తుంది.

ఇల్లు చూడకుండా, కనీసం వీడియోలో గదులు చూపించమని అడగకుండా ఫోన్లోనే ధర చెప్పేవాళ్లను నమ్మకండి. సామాను చూసి ఎస్టిమేట్ ఇవ్వాలన్నది నియమం. మీరు వద్దని రాసిస్తే తప్ప. బరువు మాటెత్తకుండా క్యూబిక్ అడుగుల్లోనే మాట్లాడుతున్నా జాగ్రత్తపడండి. అడుగులు కొలిచేది వాళ్లే, పేర్చేది వాళ్లే. తూకానికైతే చీటీ ఉంటుంది. ఖాళీ ట్రక్కు ఎంత, నిండిన ట్రక్కు ఎంత అని ఉంటుంది. తూకం దగ్గరికి వచ్చి చూసే హక్కు కూడా మీకుంది.

పగిలిపోయినవాటి గురించి కొంచెం. పగిలినదానికి కంపెనీ ఉచితంగా తీసుకునే బాధ్యత పౌండుకు 60 సెంట్లు మాత్రమే. మా అత్తగారు తెనాలి నుంచి మోసుకొచ్చిన గ్రైండర్ 26 పౌండ్లు. పెట్టె విప్పితే రాయి నిలువునా చీలి ఉంది. కింద స్టీలు డ్రమ్ము సొట్టపోయింది. 26 పౌండ్లకు 15 డాలర్ల 60 సెంట్లు. అదే లెక్కన 40 పౌండ్ల టీవీ పగిలితే 24 డాలర్లు. దీనికి బదులు పూర్తి విలువ బాధ్యత అని ఒకటుంది. దానికి మీరు కట్టాల్సిన డబ్బు ఎక్కువే. మీరు వద్దని సంతకం పెడితేనే 60 సెంట్ల లెక్కలోకి వెళ్తారు కాబట్టి ఆ గడి దగ్గర కూడా ఆగండి. మీరు కట్టుకున్న పెట్టెల మీద "యజమాని సర్దినది" అన్న గుర్తు వేస్తారు. వాటిలో పగిలినవాటికి డబ్బు రాబట్టడం కష్టం. దించేటప్పుడు సంతకం అడిగితే విరిగినవి, తగ్గినవి ఆ లిస్టు మీదే రాసి పెట్టండి. క్లెయిమ్‌కు తొమ్మిది నెలల గడువు ఉంది. వాళ్లు 30 రోజుల్లో అందిందని చెప్పాలి, 120 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి.

బంగారం, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, ఐ-797 కాగితాలు (ఇమిగ్రేషన్ వాళ్లు పంపే అప్రూవల్ నోటీసులు), లాప్‌టాప్, పిల్లల మందులు మీతోనే. ఇది చెప్పనక్కర్లేదనుకున్నాను. కానీ ఆ తమ్ముడి డిగ్రీ సర్టిఫికెట్లు ట్రక్కులోనే ఉన్నాయి. ఆవకాయ జాడీలు కూడా ఎక్కించకండి. ఆగస్టులో ట్రక్కు లోపల వేడికి నూనె పైకి తన్నుతుంది. పక్క పెట్టెలో పట్టుచీరలుంటాయి.

ఇంకో మాట. ఇవన్నీ రాష్ట్రం దాటినప్పుడు పనికొచ్చే ఫెడరల్ రూల్స్. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు మారితే టెక్సాస్ రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి. అక్కడ మోటార్ వెహికల్స్ శాఖ చూసుకుంటుంది. ఒక్క గది సామాను ఉన్నవాళ్లు అసలు మూవర్స్ జోలికి వెళ్లడం ఎందుకో నాకు అర్థం కాదు. మంచం, సోఫా అమ్మేయండి. పుస్తకాలు పోస్టాఫీసు మీడియా మెయిల్‌లో తక్కువకు వెళ్తాయి. మిగిలింది ఇద్దరు ఫ్రెండ్స్‌తో అద్దె ట్రక్కులో తెచ్చుకోవచ్చు, లేదా ఇంటి ముందు కంటైనర్ పెట్టించుకుని మీరే నింపుకోవచ్చు.

అప్పటికే ఇరుక్కుపోయి ఉంటే? జెల్‌లో పంపిన డబ్బు తిరిగి రాదనుకోండి. రసీదు లేకుండా పైసా ఇవ్వకండి. కాగితాలన్నీ ఫోటో తీసుకోండి. ఫెడరల్ ఫిర్యాదుల నంబర్ 888-368-7238, ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. పోలీసులు వచ్చి "ఇది మీ ఇద్దరి మధ్య ఒప్పందం" అని వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. అయినా ఫోన్ చేయండి, కనీసం రిపోర్టు ఉంటుంది. మీ హక్కుల గురించి ప్రభుత్వం వేసిన పుస్తకం ఒకటుంది, కంపెనీ అది మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫోన్లో దించుకుని పెట్టుకోండి.

శనివారం మేము చేసిందీ అదే. 110 శాతం అని ఉన్న పేజీ తెరిచి డ్రైవర్‌కు చూపించాను. 1,900కి 2,090 అవుతుంది, డిపాజిట్ పోను మిగతాది ఇస్తాం, రసీదు రాయండి అన్నాను. అతను ఆఫీసుకు ఫోన్ చేశాడు, వాళ్లు అరిచారు, పెట్టేశారు, మళ్లీ చేశారు. నాలుగు దాటాక 2,700 దగ్గర దిగారు. నేను ఆగుదామన్నాను. ఆ అబ్బాయికి సోమవారం ఉద్యోగంలో చేరాలి, సర్టిఫికెట్లు లోపలున్నాయి, ఇచ్చేద్దామన్నాడు. ఇచ్చాడు. రాత్రి కూర్చుని ఫిర్యాదు పెట్టాం, కార్డు మీద కట్టిన డిపాజిట్ వెనక్కి ఇప్పించమని కార్డు కంపెనీ దగ్గర డిస్ప్యూట్ వేశాం. ఏమవుతుందో చూడాలి.

సరే, ఇంత భయపెట్టాక ఇది కూడా చెప్పాలి. ఆ తర్వాత నేను ఇంకోసారి రాష్ట్రం మారాను. బైండింగ్ ఎస్టిమేట్ రాయించుకున్నాను. ట్రక్కు మీద పేరు సరిపోయింది, చెప్పిన రోజుకు వచ్చారు, ఒక్క కప్పు కూడా పగల్లేదు. మా ఆఫీసులో సగం మంది మూవ్‌లు ఏ గొడవా లేకుండానే జరిగాయి. నిజాయితీగా పని చేసుకునేవాళ్లు ఉన్నారు, పెట్టెను పసిబిడ్డలా దించేవాళ్లూ ఉన్నారు. మీకూ అలాగే జరగొచ్చు.

కానీ ఎస్టిమేట్ కాగితం రాగానే, ఇక్కడ నాలుగైదేళ్లు ఉన్నవాళ్లు ఎవరికైనా ఫోటో తీసి పంపండి. మా ఊరివాళ్లు, మా కాలేజీవాళ్లు అయితే నాకే పంపండి. రాత్రి పదకొండైనా చదివి చెప్తాను. ట్రక్కు వచ్చే ముందు రోజే పంపండి.