కొరియాలో ఇంగ్లీష్ టీచర్‌గా వెళ్తున్నారా, క్లాస్ బయట సంగతులు ఇవీ

పాఠం ఎలా చెప్పాలి, పిల్లలతో ఏ గేమ్స్ ఆడించాలి అనేదానికి వీడియోలు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి అది వదిలేస్తున్నా. అక్కడ రోజులు సాఫీగా గడవాలంటే ముందు పట్టుకోవాల్సింది ఒకటే, మీ కో-టీచర్, అంటే మీతో కలిసి క్లాస్ చూసుకునే కొరియన్ టీచరమ్మ. సిమ్ కార్డ్, బ్యాంక్ అకౌంట్, ఇంట్లో వేడినీళ్లు రాకపోతే ఓనర్‌కి ఫోన్, ఏదైనా మొదట్లో ఆవిడ నోటి మీదుగానే జరగాలి. ఆవిడకేమో తన క్లాసులు, తన పేపర్ వర్క్ ఉంటాయి, మీ పని అదనపు బరువు. అందుకని డౌట్ వచ్చినప్పుడల్లా పరిగెత్తకుండా నాలుగైదు పోగేసి ఒకేసారి అడగండి, కాకావో టాక్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) చిన్న చిన్న వాక్యాల్లో రాయండి, స్కూల్ టైం అయిపోయాక మెసేజ్‌లు పెట్టకండి. ఈ ఒక్క జాగ్రత్తతో సగం తలనొప్పులు పోతాయి.

వీసా సంగతి క్లుప్తంగా. ఇంగ్లీష్ టీచర్లకి ఇచ్చే ఈ-2 వీసా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సౌత్ ఆఫ్రికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే 2010లో అమల్లోకి వచ్చిన ఇండియా-కొరియా వాణిజ్య ఒప్పందం సెపా కింద ఒక సన్నటి దారి ఉంది, డిగ్రీతో పాటు ఇంగ్లీష్ టీచింగ్ లైసెన్స్ కూడా ఉండాలి. డిగ్రీకి, పోలీస్ క్లియరెన్స్‌కి అపోస్టిల్ (పేపర్లు విదేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర) వేయించడానికే నెలలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి.

గవర్నమెంట్ స్కూలా, హాగ్వానా అంటే నా ఓటు స్కూల్‌కే. హాగ్వాన్ అంటే ప్రైవేట్ ట్యూషన్ సెంటర్, పిల్లలు స్కూల్ అయ్యాక వస్తారు కాబట్టి చాలాచోట్ల మీ డ్యూటీ మధ్యాహ్నం మొదలై రాత్రికి తేలుతుంది, సియోల్‌లో రాత్రి 10 దాటితే క్లాసులు నడపకూడదని రూల్ పెట్టాల్సొచ్చిందంటే చదువుల పిచ్చి ఎంతో మీరే ఊహించుకోండి. స్కూళ్లకి తీసుకునేది ఎపిక్ అనే ప్రభుత్వ ప్రోగ్రాం, 1995 నుంచి నడుస్తోంది, వారానికి 22 క్లాసులు, రోజుకి ఎనిమిది గంటలు, ఇల్లు వాళ్లే ఇస్తారు లేదా అద్దెకి డబ్బులిస్తారు. జీతం నెలకి 20 లక్షల వాన్ పైచిలుకు అంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఒక పూట బయట తిన్నా లెక్క వేలల్లోనే.

దిగగానే హెల్త్ చెకప్, తర్వాత ఇమిగ్రేషన్‌లో రెసిడెన్స్ కార్డ్, 90 రోజుల్లోపు అయిపోవాలి. అపాయింట్‌మెంట్ హైకొరియా సైట్‌లో బుక్ చేసుకోవాలి, స్లాట్లు తొందరగా దొరకవు కాబట్టి వచ్చిన వారంలోనే చూసుకోండి. ఆ కార్డ్ చేతికొచ్చేదాకా పోస్ట్‌పెయిడ్ ఫోన్ ఉండదు, కొరియన్ నంబర్ లేకపోతే ఆన్‌లైన్ షాపింగ్‌లో వెరిఫికేషన్ అవ్వదు, ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఆ కొన్నాళ్లు క్యాష్‌తో ఓపిగ్గా లాగించేయడమే. గూగుల్ మ్యాప్స్ అక్కడ దారి సరిగ్గా చూపించదు, నేవర్ మ్యాప్ వేసుకోండి, ట్రాన్స్‌లేషన్‌కి పపాగో. బస్‌కి, మెట్రోకి టీ-మనీ కార్డ్, దిగేటప్పుడు కూడా టచ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే మారిన బండికి మళ్లీ ఛార్జీ పడుతుంది. ఇమిగ్రేషన్ డౌట్లకి 1345, పోలీస్‌కి 112, అంబులెన్స్‌కి 119.

స్కూల్‌కి వెళ్లేటప్పుడు బ్యాగ్‌లో ఒక జత చెప్పులు పెట్టుకోండి, లోపల తిరగడానికి వేరే, గుమ్మం దగ్గర బూట్లు విప్పాల్సిందే. కారిడార్‌లో ఎవరు కనపడినా కాస్త తల వంచి అన్యోంగ్‌హసెయో, ప్రిన్సిపాల్‌కి ఇంకాస్త వంగి, ఏదిచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో. పిల్లల పేర్లు ఎర్ర పెన్నుతో రాయకండి, అశుభం అనుకుంటారు. ఇంక అలవాటు చేసుకోవాల్సింది చివరి నిమిషం కబుర్లు. ఈరోజు మూడో పీరియడ్ లేదు అనేది రెండో పీరియడ్ అయ్యాక తెలుస్తుంది, ఓపెన్ క్లాస్ (బయటివాళ్లు వచ్చి మీ పాఠం చూసే రోజు) డేట్ మారింది అనేది అందరికీ తెలిసి మీకు మాత్రం తెలియదు, ఎందుకంటే ఆఫీస్ మెసెంజర్‌లో వచ్చేదంతా కొరియన్‌లో ఉంటుంది. కోపం తెచ్చుకుని లాభం లేదు, ఆ మెసేజ్‌లు పొద్దున్నే కాపీ చేసి పపాగోలో వేసి చూసుకోండి, ఏ క్లాస్‌కైనా సరిపోయే ఒక గేమ్ ఎప్పుడూ రెడీగా ఉంచుకోండి. సెలవుల్లో పిల్లలు రాకపోయినా మీరు డెస్క్ దగ్గర కూర్చోవాల్సి రావొచ్చు, నన్నడిగితే కొరియన్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి టైం దొరకదు.

గిఫ్టుల విషయంలో జాగ్రత్త. 2016లో వచ్చిన అవినీతి నిరోధక చట్టం టీచర్లకీ వర్తిస్తుంది, మే 15న టీచర్స్ డే అని పిల్లాడు ప్రేమగా కాఫీ డబ్బా తెచ్చిచ్చినా తీసుకోకూడదు, చేత్తో రాసిన ఉత్తరం అయితే పర్లేదు. నవంబర్‌లో యూనివర్సిటీ ఎంట్రన్స్ రోజు ఇంగ్లీష్ లిజనింగ్ టెస్ట్ జరిగేంతసేపు దేశమంతా విమానాలు ఎగరవు దిగవు, మీ సబ్జెక్ట్‌కి అంత సీన్ ఉందన్నమాట.

తిండి సంగతికొస్తే, స్కూల్ లంచ్ స్టీల్ ట్రేలో, అన్నం, సూప్, కిమ్చీ, రెండు కూరల్లాంటివి. శాకాహారులకి అసలు సమస్య కనపడే మాంసం కాదు, కనపడనిది. సూప్ నీళ్లు ఎండు చేపలతో మరిగించినవి అయ్యుండొచ్చు, కిమ్చీలో సాధారణంగా చేపల సాస్ ఉంటుంది, కూర అని వేసుకున్నదాంట్లో చిన్న హామ్ ముక్కలుంటాయి. మీకు ఏది పడదో లిస్ట్ రాసి కో-టీచర్‌కి మొదటి రోజే ఇవ్వండి, శాకాహారం అని మాత్రమే చెప్తే చేప పర్లేదేమో అనుకునేవాళ్లున్నారు. బియ్యం జిగురుగా ఉండే పొట్టి రకం, పులిహోర పొడిపొడిగా రాదు గానీ పెరుగన్నానికి మాత్రం దివ్యంగా ఉంటుంది. పప్పులు, మసాలాలు, బాస్మతి కావాలంటే సియోల్ ఇతేవాన్‌లో, అన్సాన్‌లో స్టేషన్ దగ్గర విదేశీ కిరాణా షాపులున్నాయి.

చెత్త గురించి విడిగా చెప్పాలి, పక్కింటివాళ్లతో గొడవ దీని దగ్గరే వస్తుంది. మామూలు చెత్తకి మీ ఏరియా పేరు ప్రింట్ అయిన కవర్లు కన్వీనియన్స్ స్టోర్‌లో కొనాలి, షాపింగ్ కవర్‌లో కట్టి పెడితే తీసుకెళ్లరు, ఫైన్ కూడా పడొచ్చు. తిండి చెత్త వేరే, కానీ తిండి చెత్త అంటే జంతువులు తినగలిగేది అనే లెక్క, కాబట్టి చికెన్ బొక్కలు, గుడ్డు పెంకులు, ఉల్లిపాయ తొక్కలు మామూలు చెత్తలోకి. రోజూ ఉల్లిపాయలు తరిగే మనకి ఇది ఒంటబట్టడానికి టైం పడుతుంది. ప్లాస్టిక్ సీసా అయితే లేబుల్ పీకి, కడిగి, నొక్కి వేయాలి.

కాంట్రాక్ట్ సంతకం పెట్టేముందు రెండు చూడండి. ఒకటి, ఏడాది పూర్తయితే చట్టప్రకారం సుమారు ఒక నెల జీతం అదనంగా రావాలి, 11 నెలల కాంట్రాక్ట్ ఇస్తున్నారంటే దాన్ని ఎగ్గొట్టడానికే అనుకోవచ్చు. రెండు, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ మీరూ, ఉద్యోగం ఇచ్చినవాళ్లూ చెరిసగం కట్టాలి, జీతం స్లిప్‌లో ఆ రెండు లైన్లూ లేకపోతే అడగండి, తేల్చకపోతే లేబర్ మినిస్ట్రీ నంబర్ 1350. ఇంకోటి, ఎవరైనా వాళ్ల పిల్లాడికి ఇంట్లో ట్యూషన్ చెప్పమని మంచి డబ్బులిస్తామంటారు, ఈ-2 మీద అది కుదరదు, దొరికితే వీసాకే ఎసరు.