ప్రయోగం మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

లోలకం (దారానికి వేలాడుతూ ఊగే గుండు) ప్రయోగాన్నే ఉదాహరణగా తీసుకుందాం. దారం పొడవు మారితే ఊగే కాలం ఎలా మారుతుందో ఇందులో చూస్తాం.

• మార్చేది ఒక్కటే ఉండాలి. దారం పొడవు మారుస్తుంటే గుండు, ఊపే కోణం మారకూడదు. కోణం 10 డిగ్రీల లోపే ఉంచండి.

• ఏం జరుగుతుందనుకుంటున్నారో ముందే రాసిపెట్టుకోండి.

• ఒక్క డోలనానికే (గుండు ఒకసారి అటు వెళ్లి మొదటి చోటికి తిరిగి రావడం) స్టాప్‌వాచ్ నొక్కి ఆపకండి. మన చెయ్యి స్పందించడానికే దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. 20 డోలనాల కాలం కొలిచి 20తో భాగిస్తే ఆ తేడా కూడా ఇరవయ్యో వంతుకు తగ్గిపోతుంది. ప్రతి పొడవుకూ కనీసం 3 సార్లు కొలిచి సగటు తీయండి. పొడవంటే దారం వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్య బిందువు వరకు. ఇక్కడ తప్పడం చాలా తేలిక.

• పట్టిక ముందే గీసుకోండి, యూనిట్లు రాయండి.

• గ్రాఫ్‌లో మనం మార్చినది అడ్డ అక్షం మీద, కొలిచినది నిలువు అక్షం మీద. చుక్కల్ని ఒక్కొక్కటిగా కలపకండి, వాటి మధ్యగా సాగే ఒకే నున్నటి గీత గీయండి. పొడవుకు ఎదురుగా ఒక డోలనం కాలం వేస్తే వంపు గీత వస్తుంది, కాలం వర్గం వేస్తే సరళరేఖ వస్తుంది. అది కళ్లారా చూడటం నిజంగా బాగుంటుంది!

• ఏదైనా చుక్క దూరంగా పడితే దయచేసి చెరిపేయకండి. మళ్లీ కొలవండి, రెండు కొలతలూ నోట్‌బుక్‌లో ఉంచండి.