విదేశీ రైల్లో సామాను: బండి ఆగినప్పుడే జాగ్రత్త

రైల్లో పెట్టె పోయేది బండి పరుగెడుతున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. నడిచే బండిలోంచి దొంగ ఎక్కడికీ పోలేడు. స్టేషన్లో తలుపులు తెరుచుకుని మూసుకునే రెండు మూడు నిమిషాలే అతని పనివేళ. తలుపులు మూసుకోబోతుండగా మామూలు ప్రయాణికుడిలా వచ్చి, తన పెట్టే అన్నంత నింపాదిగా తీసుకుని దిగిపోతాడు. మీరు చూసి లేచేసరికి బండి కదులుతుంది. అందుకే దారి పొడవునా కంగారు పడక్కర్లేదు, ప్రతి స్టేషన్లోనూ కళ్లు పెట్టె మీద ఉంటే చాలు. టికెట్ తీసుకోగానే దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో, ఏ టైముకో ఫోన్లో రాసి పెట్టుకోండి.

యూరప్ రైళ్లలో పెద్ద పెట్టెల అరలు ఎక్కువగా బోగీ చివర, సరిగ్గా తలుపు పక్కనే ఉంటాయి. దొంగకు అంతకంటే అనువైన చోటు లేదు. వీపులు ఆనుకుని ఉండే రెండు సీట్ల వరసల మధ్య కింద ఖాళీ ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. మధ్యరకం సూట్‌కేసు అందులో నిలువుగా దూరుతుంది, అందరి కళ్లముందూ ఉంటుంది. ముందుగా ఎక్కితే అదే పట్టండి. చిన్న బ్యాగు తలపైన రాక్‌లో పెట్టేటప్పుడు మీ నెత్తిమీద కాదు, ఎదుటి వరస పైన పెట్టండి. నెత్తిమీది బ్యాగు మెడ ఎత్తితే తప్ప కనిపించదు, ఎదుటిది ఊరికే కూర్చున్నా కనిపిస్తుంది. రెండంతస్తుల బోగీల్లో పెట్టె కింద తలుపు దగ్గర వదిలి పైకెక్కి కూర్చోవడం మాత్రం వద్దు.

చివరి అర తప్పనిసరైతే సన్నటి ఉక్కు తీగ, మూడంకెల నంబర్ తాళం వాడండి. మీటరు పొడవు తీగ చాలు. దాన్ని పెట్టె పక్కనుండే స్థిరమైన పిడిలోంచి దూర్చి అర నిలువు కడ్డీకి చుట్టండి. పైకి లాగే పిడికి కట్టొద్దు, దాని గొట్టాలు సన్నం, గట్టిగా గుంజితే వంగుతాయి. పక్కవాళ్ల పెట్టెలు మీ తీగలో చిక్కుకోకుండా చూడండి. తీగలు తెంచే కట్టర్ తెచ్చుకున్నవాణ్ణి ఈ తీగ ఆపదు. కానీ చేతికందింది పట్టుకుపోయేవాడు తీగ కనబడగానే పక్క పెట్టె వైపు తిరుగుతాడు, మనకు కావలసింది అదే. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది: బండి రెండు నిమిషాలే ఆగే స్టేషన్లో, వెనక జనం తోస్తుండగా, చీకటి మూలలో అంకెలు తిప్పుతూ నిలబడిపోవడం. దిగడానికి పది నిమిషాల ముందే లేచి తాళం తీసేయండి.

జిప్పుకు వేసే చిన్న తాళం గురించి ఒక మాట. ప్లాస్టిక్ పళ్ల జిప్పును బాల్‌పెన్ మొనతో మధ్యలో పొడిస్తే పళ్లు విడిపోతాయి. తీసుకోవలసింది తీసుకున్నాక జిప్పు తలలు రెంటినీ కలిపి ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపితే మళ్లీ ఏమీ జరగనట్టు అతుక్కుంటుంది, తాళం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. రెండు తలల్నీ ఒకదానికొకటి కాకుండా పెట్టెకు కుట్టిన రింగుకో, పిడికో కలిపి తాళం వేస్తే అవి కదలవు. చిల్లు పడితే వెంటనే కనిపిస్తుంది. పాస్‌పోర్టు, డబ్బు, మందులు, ఫోను ఏ తాళం ఉన్నా పెద్ద పెట్టెలో పెట్టేవి కావు. అవి ఒంటిమీది చిన్న సంచిలో ఉండాలి, బాత్రూంకు వెళ్లినా వెంటే రావాలి.

స్టేషన్లో ఆగి ఉండగా ప్లాట్‌ఫారం మీంచి ఎవరైనా కిటికీ తట్టి ఏదో అడిగితే ముందు రెండో పక్కకు చూడండి. మీరు కిటికీ వైపు తిరిగే క్షణం కోసం ఎదురుచూసే రెండోవాడు లోపలే ఉండొచ్చు. కింద చిల్లర పడేయడం, బట్టలమీద ఏదో ఒలికిందని తుడవబోవడం, అడక్కుండానే పెట్టె ఎత్తి పెట్టడం, అన్నీ ఇదే బాపతు.

రాత్రి బండ్లలో కూర్చునే సీట్ల కంటే బెర్తుల క్యాబిన్ మేలు. లోపలి గడియ, గొలుసు రెండూ ఉంటే రెండూ వేయండి. పెట్టెను కింది బెర్తు కిందకు గోడదాకా తోసి, ముఖ్యమైన సంచిని తలగడకు కిటికీ వైపు పెట్టుకోండి.

నిబంధనలు కూడా చూసుకోండి. ఫ్రాన్స్ రైళ్లలో ప్రతి పెట్టెకూ పేరున్న చీటీ తప్పనిసరి. పేరు, ఫోన్ నంబరు చాలు, ఇంటి చిరునామా వద్దు. జపాన్‌లో తొకైదో, సాన్యో, క్యూషూ మార్గాల షింకన్‌సెన్ (బుల్లెట్ రైళ్లు)లలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు సామాను చోటున్న సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. దానికి అదనపు రుసుము లేదు, చేసుకోకపోతే 1,000 యెన్లు కట్టాలి. బోగీలో ఆఖరి వరస సీటైతే పెట్టె మీ వీపు వెనకే ఉంటుంది, ఇంకేం కావాలి! ప్లాట్‌ఫారం మీద పెట్టె వదిలి కాఫీకి మాత్రం వెళ్లొద్దు. అది దొంగకు దొరక్కపోయినా పోలీసుల బాంబు తనిఖీకి దొరుకుతుంది.

పెట్టె కనబడకపోతే ముందు బోగీ రెండు చివర్లూ, పక్క బోగీ కూడా చూడండి. తమ సామానుకు చోటు కోసం ఎవరో జరిపి ఉండొచ్చు. లేదని తేలితే కండక్టర్‌కు రైలు నంబరు, బోగీ, చివరిసారి పెట్టె చూసిన స్టేషను చెప్పండి. దిగాక రైల్వే పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి కాపీ అడగండి, బీమా కంపెనీకి అదే ఆధారం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అత్యవసర నంబరు 112. పెట్టెలో బ్లూటూత్ ట్రాకర్ (పెట్టె ఎక్కడుందో ఫోన్లో చూపే చిన్న పరికరం) ఉంటే అది చూపే చోటు పోలీసులకు చూపించండి, మీరు వెంటపడొద్దు. చుట్టుపక్కల ఫోన్ల ద్వారానే దాని జాడ తెలుస్తుంది కాబట్టి మ్యాపులో చుక్క కాసేపటి కిందటిది కావచ్చు. ఫిర్యాదులో లోపలి వస్తువులన్నీ గుర్తు తెచ్చుకుని రాయడం కష్టం, అందుకే బయలుదేరే ముందు తెరిచిన పెట్టెకు ఒకటి, మూసిన పెట్టెకు ఒకటి ఫోటో తీసి పెట్టుకోండి.