మేతలో కలిపేది, నీటిలో చేరేది: డెల్టా చెరువుల్లో చేపల ఆరోగ్యం కాపాడుకునే విధానం

భీమవరం, ఉండి, ఆకివీడు పరిసరాల్లో ఏ చేపల మందుల దుకాణానికి వెళ్లినా గోడ పొడవునా రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి. కాలేయానికి ఒకటి, అరుగుదలకు ఒకటి, ఎదుగుదలకు ఒకటి, నీటిలో అమ్మోనియాకు మరొకటి. వాటిలో పనికివచ్చేవి లేకపోలేదు. అయితే చేప నలతగా కనిపించిన రోజున రైతు చేయవలసిన మొదటి పని డబ్బా కొనడం కాదు. గేదెకు పెట్టిన మేతలో వ్యర్థమైనది పేడకుప్పకు చేరుతుంది. చేపకు పెట్టిన మేతలో వ్యర్థమైనది మాత్రం ఆ చేప మొప్పలకే తిరిగి వస్తుంది. అందువల్ల మేతలో ఏం కలపాలన్న ప్రశ్నను, నీటిలో ఏం చేరుతోందన్న ప్రశ్నను విడివిడిగా చూడకూడదు.

చిన్న లెక్క చూద్దాం. ఎకరం చెరువులో ఒకటిన్నర మీటర్ల నీరు ఉంటే అది సుమారు 60 లక్షల లీటర్లు. అందులో 2,000 కిలోల చేప ఉండి, బరువులో 2 శాతం చొప్పున మేత వేస్తే రోజుకు 40 కిలోలు అవుతుంది. మాంసకృత్తులు 25 శాతం ఉన్న మేతలో నత్రజని 4 శాతం ఉంటుంది కాబట్టి, ఆ 40 కిలోలతో చెరువులోకి చేరేది 1.6 కిలోల నత్రజని. చేప దానిలో మూడో వంతుకు మించి ఒంటికి పట్టించుకోలేదు. మిగిలిన కిలోకు పైగా నత్రజని ప్రతిరోజూ ఎక్కువగా అమ్మోనియా రూపంలోనే నీటిలో కలుస్తుంది. ఆ చెరువుకు ఎదుగుదల కోసమంటూ మరికొంత ప్రోటీన్ పొడి కలిపితే, చేప తినగలిగిన మేర ఒంటికి పడుతుంది, తక్కినది అమ్మోనియా పద్దులో చేరుతుంది.

మొదట కత్తి, తర్వాత డబ్బా

కొన్నేళ్ల క్రితం వానాకాలం చివరలో మా చెరువులో శీలావతి (రోహు) చేప మేత సగానికి తగ్గించింది. దుకాణంలో చెప్పిన ప్రకారం మూడు వారాల పాటు కాలేయపు టానిక్కు కలిపి పెట్టాను. మార్పేమీ కనిపించలేదు. పక్క చెరువు చేసే మా పెదనాన్న వరసాయన ఒకరోజు గట్టు మీద నిలబడి, "ఒరేయ్ అబ్బాయ్, ముందు చేపను కోసి చూడరా, డబ్బాలు తర్వాత కొందువుగాని" అన్నారు. కోసి చూస్తే కాలేయం ముదురు ఎరుపు మీద ఉండవలసింది పోయి, పాలిపోయి, పసుపు తిరిగి, వేలితో తాకితే చితికిపోతోంది. గోదాములోకి వెళ్లి గోడవారగా అడుగున ఉన్న వేరుశనగ చెక్క బస్తా విప్పితే లోపల ఆకుపచ్చ బూజు. పై బస్తాలు బాగానే ఉన్నాయి. రోజూ కంటికి కనిపించేవి అవే. తప్పు నాదే. ఆ మూడు వారాలూ ఒక చేత్తో విషం, మరో చేత్తో టానిక్కు పెట్టాను.

పరీక్షకు తేలిన చచ్చిన చేప పనికిరాదు. ఎండలో గంటసేపు ఉంటేనే లోపలి రంగులన్నీ మారిపోతాయి. విసురు వలతో రెండు మూడు చేపలను, నీరసంగా ఉన్నదాన్ని ఒకటి, చురుకైనదాన్ని ఒకటి, ప్రాణంతో పట్టుకోవాలి. మొప్ప మూత ఎత్తి చూస్తే ఎర్రగా, పాయలు విడివిడిగా కనిపించాలి. పాలిపోయి ఉంటే రక్తహీనతను, జిగురు కట్టి తెల్లని చుక్కలుంటే పురుగును, గోధుమరంగు తిరిగి ఉంటే నీటిలో నైట్రైట్‌ను (అమ్మోనియా నుంచి పుట్టే మరో విషాన్ని) అనుమానించాలి. తర్వాత పొట్ట కోయాలి. శీలావతి, బొచ్చె వంటి చేపల్లో కాలేయం ఒకే ముద్దగా ఉండక పేగుల మడతల మధ్యకు పాకి ఉంటుంది కనుక పేగును మెల్లగా పక్కకు జరిపి చూడాలి. మొప్ప ఎక్కువగా నీటి సంగతి చెబుతుంది, కాలేయం ఎక్కువగా మేత సంగతి చెబుతుంది. ఇది ప్రతిసారీ నిలిచే సూత్రం కాకపోయినా, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి చాలు.

చేపలు చనిపోతుంటే అవి చనిపోయే తీరును కూడా గమనించాలి. తెల్లవారుజామున పెద్ద చేపలు ముందుగా పోయి, చిన్నవి నోళ్లు పైకి పెట్టి ఈదుతుంటే అది ఆక్సిజన్ లోటు. పొద్దుతో నిమిత్తం లేకుండా చిన్న చేపలు ముందు పోయి, వాటితోపాటు నీటి పురుగులు, రొయ్య పిల్లలు కూడా చస్తుంటే, బతికినవి గిరగిరా తిరుగుతుంటే, పురుగుమందు నీటిలో చేరిందని గట్టిగా అనుమానించాలి. ఈ రెండో సందర్భంలో మేతలో ఏది కలిపినా ఫలితం ఉండదు. మేత ఆపి, నీరు వచ్చే తూము మూసి, మంచినీరు దొరికితే పెట్టుకోవడమే మార్గం.

డ్రెయిన్ నీరు తోడే ముందు

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు అందరికీ అన్ని నెలలూ అందదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చాలామందికి డ్రెయినే దిక్కు. యనమదుర్రు వంటి పెద్ద డ్రెయిన్లు వరిచేల నీటిని, ఊళ్ల మురుగును, ఎగువ చెరువులు వదిలిన నీటిని కలుపుకొని సముద్రానికి పోతాయి. వేసవిలో పారుదల తగ్గి ఆ మురికి చిక్కబడుతుంది, దిగువన ఉప్పునీరు ఎగదన్నుతుంది. కాబట్టి కాలువలు కట్టేయకముందే చెరువు నిండుగా పెట్టుకోవడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త. సార్వా (ఖరీఫ్) వరిలో సుడిదోమకు, ఆకుముడతకు మందులు కొట్టే వారాల్లో, ముఖ్యంగా కొట్టిన వెంటనే వాన పడితే, నాలుగైదు రోజుల పాటు డ్రెయిన్ నీటి జోలికి పోకూడదు. సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు ప్రమాదకరం. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు నరాలకు అవసరమైన ఎంజైమును అడ్డుకుంటాయి. మోతాదు చేపను చంపేంత లేకపోయినా మేత మాన్పించి, రోగాలకు లోనయ్యేలా చేస్తుంది.

తప్పనిసరై తోడవలసి వస్తే ముందు తొట్టి పరీక్ష చేయాలి. ఒకే కొలతగల రెండు తొట్లు తీసుకొని ఒకదానిలో డ్రెయిన్ నీరు, మరొకదానిలో మన చెరువు నీరు నింపాలి. రెండింటిలోనూ చిన్న గాలి మోటారు పెట్టి, ఇరవయ్యేసి చేపపిల్లలను వదిలి, మేత వేయకుండా, నీడలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. రెండు తొట్లలోనూ పిల్లలు పోతే లోపం పిల్లలోనో పట్టిన తీరులోనో ఉంది. డ్రెయిన్ తొట్టిలోనే పోతే, లేదా బతికి ఉన్నా తొట్టి తట్టినప్పుడు బెదరకుండా ఒరిగి ఈదుతుంటే, ఆ నీరు పనికిరాదు. పదిమంది కళ్లకు తేటగా కనిపించే నీరు కూడా ఈ పరీక్షలో తప్పడం నేను చూశాను.

అమ్మోనియా కిట్టు ఇచ్చే అంకె ఒక్కటే చూసి ధైర్యపడకూడదు, భయపడనూ కూడదు. కిట్టు కొలిచేది మొత్తం అమ్మోనియాను. చేపకు విషమయ్యేది అందులో వాయు రూపంలో ఉండే భాగం మాత్రమే. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7.5 దగ్గర ఆ భాగం రెండున్నర శాతం, 8 దగ్గర ఏడున్నర శాతం, 9 దగ్గర దాదాపు 45 శాతం. అంటే కిట్టులో పొద్దున చూసినా మధ్యాహ్నం చూసినా లీటరుకు 1 మిల్లీగ్రామే చూపించవచ్చు, కానీ పచ్చగా చిక్కబడిన చెరువులో పొద్దున చేపకు ఏమీ కాని ఆ అమ్మోనియా మధ్యాహ్నం మూడు గంటలకు మొప్పలను కాల్చేస్తుంది. కాబట్టి పీహెచ్‌ను తెల్లవారుజామున ఒకసారి, మూడు గంటలకు ఒకసారి చూడాలి. అమ్మోనియా ఎక్కువగా ఉన్న రోజున సున్నం చల్లడం నిప్పులో నెయ్యి పోసినట్టే, ఎందుకంటే సున్నం పీహెచ్‌ను పైకి తీసుకుపోతుంది. అమ్మోనియాను పీల్చుకుంటుందని చల్లే జియోలైట్ అనే ఖనిజపు పొడి విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినం: 60 లక్షల లీటర్ల నీటికి నాలుగు బస్తాలు చల్లి అమ్మోనియా లాగేసిందనుకోవడం మనసుకు ఊరటే తప్ప చెరువుకు కాదు, ఉప్పు తగిలిన నీటిలో అది ఇంకా తక్కువ పనిచేస్తుంది. రెండు రోజులు మేత ఆపడం, నీటికి గాలి పట్టించే ఏరేటర్ తిప్పడం, వీలైతే అడుగు నీరు తీసి మంచినీరు పెట్టడం అంతకన్నా మేలు.

మొప్పలు గోధుమరంగు తిరిగితే నైట్రైట్ రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించిందని అర్థం. దీనికి మాత్రం చవకైన మందు ఉంది: ఉప్పు. నీటిలోని క్లోరైడ్, నైట్రైట్‌ను మొప్పలోకి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. నైట్రైట్ రూపంలో ఉన్న నత్రజనికి కనీసం పది రెట్లు క్లోరైడ్ ఉండేలా చూసుకోవాలి. పైన చెప్పిన ఎకరం చెరువులో లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరైడ్ పెంచడానికి సుమారు 100 కిలోల ఉప్పు కావాలి. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పు తగిలిన చెరువుల్లో క్లోరైడ్ ముందే సరిపడా ఉంటుంది కనుక కొలవకుండా వేయనక్కరలేదు.

మేతలోకి వద్దాం

తవుడు, చెక్క పెట్టే రైతుకు మొదటి సప్లిమెంట్ పొడి గోదాము. బస్తాలను చెక్కపలకల మీద, గోడకు మూరెడు దూరంగా పేర్చి, పాతవి ముందు వాడేలా చూసుకోవాలి. వేరుశనగ చెక్కకు పట్టే బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఎండబెట్టినా, ఉడికించినా పోదు. బూజు దులిపి వాడడం ఆత్మవంచన. పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది, అది మాంసకృత్తుల్లోని లైసిన్ అనే ముఖ్య భాగాన్ని చేపకు అందనీయదు, కనుక చెక్క మొత్తం అదే పెట్టకూడదు. కోళ్ల వ్యర్థాలను మేతగా వేయడం చట్టరీత్యా తప్పు, నీటికి చేటు, పక్క రైతుకు రోగం. దాని గురించి ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

ఇక నిజంగా అవసరమైనవి. చేప విటమిన్ సి ని తనంతట తాను తయారు చేసుకోలేదు. అది మేతలోనే అందాలి. చాలకపోతే వెన్ను వంకర తిరగడం, పుండ్లు మానకపోవడం కనిపిస్తాయి. మామూలు విటమిన్ సి వేడికి, వెలుతురుకు, తేమకు త్వరగా చెడిపోతుంది కాబట్టి ఫాస్ఫేట్‌తో కట్టిన నిలవ ఉండే రకాన్నే ఎంచుకోవాలి. పిల్ల వదిలినప్పుడు, వల లాగి దెబ్బ తగిలినప్పుడు, చలి మొదలయ్యేటప్పుడు ఇస్తే ప్రయోజనం కనిపిస్తుంది. ఖనిజాల్లో చేప కాల్షియాన్ని నీటి నుంచి తీసుకోగలదు కానీ భాస్వరం మేతలోంచే రావాలి. తవుడులో భాస్వరం ఉన్నా అది ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉండి చేపకు అందదు. తవుడు, చెక్క మేతకు విటమిన్లు ఖనిజాలు కలిసిన మిశ్రమం 1 నుంచి 2 శాతం చాలు. కంపెనీ గుళికల్లో ఇవి ముందే కలిపి ఉంటాయి. వాటిపై మళ్లీ కలిపితే మిగులు భాస్వరం నీటిని పచ్చబరుస్తుంది, పచ్చబడిన నీరు మధ్యాహ్నం పీహెచ్‌ను పెంచుతుంది, ఆ తర్వాతి కథ పైన చెప్పినదే.

కలిపే పద్ధతిలోనే సగం డబ్బు పోతుంది. మన డెల్టా అలవాటు ప్రకారం చిల్లుల సంచుల్లో తవుడు నింపి తాళ్లకు వేలాడదీస్తాం. చేప మూతితో పొడిచి తినేలోగా నీటిలో కరిగే విటమిన్ చాలావరకు చిల్లుల్లోంచి చెరువులోకి పోతుంది. కాబట్టి అటువంటివి గుళిక మేతకే పట్టించాలి. మందును ముందు కొద్ది నీటిలో కరిగించి గుళికల మీద చిలకరించి, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, తర్వాత కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల నూనె పట్టించి, నీడలో పలచగా పరిచి, ఆ రోజే వాడేయాలి. ఎండలో ఆరబెట్టకూడదు. పిడికెడు గుళికలు గ్లాసు నీటిలో వేసి పది నిమిషాల్లో నీరు రంగు మారితే పట్టించిన పని సరిగా జరగలేదు. సంచులను రెండు గంటల తర్వాత ఎత్తి చూడడం, మిగిలి పులిసిన మేతను గట్టు మీదికి తీసేయడం కూడా మరవకూడదు.

బాసిల్లస్ జాతి ప్రోబయోటిక్‌లు (మేలు చేసే సూక్ష్మజీవులు) పేగుకు కొంత మేలు చేస్తాయి. వాటిని యాంటీబయోటిక్‌తో కలిపి ఇస్తే ఆ మందు వీటినీ చంపేస్తుంది. యాంటీబయోటిక్‌ను నివారణ కోసం పెట్టడమే పెద్ద తప్పు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు నిషేధంలో ఉన్నాయి, మిగిలినవి కూడా రోగకారక సూక్ష్మజీవి ఏదో తేలిన తర్వాతే వాడాలి.

చేప పేను విషయంలో మనమే చెరువును కలుషితం చేస్తున్నాం. పేను కనిపించగానే సైపర్‌మెత్రిన్ పోస్తే పెద్ద పేను చస్తుంది, గుడ్లు చావవు, చేప మొప్పలు మాత్రం దెబ్బతింటాయి. పేను గుడ్లను గట్టి వస్తువులకు అంటించి పెడుతుంది కనుక వెదురు తడకలు, పాత చెక్కపలకలు నీటిలో వేలాడదీసి, వారానికొకసారి తీసి ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ దించాలి. ఓపిక కావలసిన పనే గానీ, తాళ్లు సంచుల కోసం ముందే ఉన్నాయి.

ఇంత చూసినా కారణం తేలకపోతే ల్యాబుకు వెళ్లాలి. ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రం వంటి చోట చూపించేటప్పుడు మూడు నమూనాలు తీసుకుపోవాలి: ఆక్సిజన్ పట్టిన సంచిలో ప్రాణంతో ఉన్న రెండు చేపలు, గాలి చొరకుండా మూత వరకు నింపిన సీసాలో అడుగు నుంచి తీసిన నీరు, వాడుతున్న మేత అరకిలో. ఆ మేత కోసం కొత్త లాటు దిగిన ప్రతిసారీ ఒక్కో బస్తా నుంచి గుప్పెడు తీసి, కలిపి, తేదీ వేసిన కాగితపు సంచిలో పొడిగా దాచిపెట్టాలి. చేపలు పట్టుబడి అయ్యేదాకా దాన్ని పారేయవద్దు.