పెద్దాసుపత్రి ఓపీలో పడిగాపులు తగ్గించుకునే తీరు

మా నాన్నగారి కాలి పుండును చూపించడానికి ఒక ప్రభుత్వ బోధనాసుపత్రికి మొదటిసారి వెళ్లిన రోజున, తిరుగు బస్సు వేళ చూసుకోవాలి కాబట్టి, ఏ పనికి ఎంతసేపు పట్టిందో చీటీ వెనక రాసుకుంటూ వచ్చాను. ఉదయం 7.40కి గేటు దాటాం. ఓపీ చీటీ చేతికి వచ్చేసరికి 8.55 అయింది. తప్పు గది ముందు అరగంట కూర్చుని, సరైన గది ముందు మరో గంట కూర్చున్నాక, వైద్యుడు నాలుగు నిమిషాలు చూసి రక్తపరీక్షలు రాశారు. ల్యాబుకు వెళితే నమూనాలు తీసుకునే వేళ దాటిపోయిందని, మర్నాడు పరగడుపున రమ్మని అన్నారు. డెబ్బై ఏళ్ల షుగరు రోగి కాలికి కట్టుతో 60 కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, తెల్లవారుజామున మళ్లీ బయలుదేరవలసి వచ్చింది. ఆ రాత్రి ఆ చీటీ చూసుకుంటే ఒక సంగతి తెలిసింది: వైద్యుడి కోసం ఎదురుచూసిన సమయం కంటే, తెలియకపోవడం వల్ల పోయిన సమయమే ఎక్కువ.

వైద్యుల కొరత, పడకల కొరత బెంచీ మీద కూర్చున్న రోగి తీర్చగలిగేవి కావు. ఆ కొరతను ప్రభుత్వాలే తీర్చాలి, తీర్చేదాకా అడుగుతూనే ఉండాలి. కానీ తెలియకపోవడం వల్ల పోయే సమయాన్ని మాత్రం చాలావరకు మనమే కాపాడుకోవచ్చు. తరవాతి రెండేళ్లు నాన్నగారితో తిరిగి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

బయలుదేరే ముందు

ముందుగా పెద్దాసుపత్రికే వెళ్లాలా అన్నది తేల్చుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు అయిపోయినా, రెండు రోజుల జలుబు జ్వరమైనా, మామూలు రక్తపరీక్షలు కావలసినా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే మేలు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఉన్నాయి. అక్కడ తీసుకున్న రక్త నమూనాలను కేంద్ర ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్ష చేయిస్తారు. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల నుంచి ఈ-సంజీవని ద్వారా దూరాన ఉన్న వైద్యుడితో వీడియోలో మాట్లాడే ఏర్పాటు ఉంది. చూపించిన జబ్బుకే మందు కొనసాగించాలా, మార్చాలా అన్న సందేహానికి ఇది చాలాసార్లు సరిపోతుంది. పుండు, గడ్డ, కడుపునొప్పి వంటివి చేత్తో తాకి చూడవలసినవి కాబట్టి వాటికి నేరుగా వెళ్లక తప్పదు.

రెండోది, రోజు తెలుసుకోవడం. ఇది తెలియకే ఎక్కువమంది నష్టపోతారు. బోధనాసుపత్రుల్లో మెడిసిన్, సర్జరీ, ఎముకల విభాగం వంటివన్నీ యూనిట్లుగా ఉంటాయి. ఒక్కో యూనిట్ వారంలో నిర్ణీత రోజుల్లోనే ఓపీ చూస్తుంది. మిగతా రోజుల్లో ఆ వైద్యులకు ఆపరేషన్లు, వార్డు రౌండ్లు, పాఠాలు ఉంటాయి. మీరు మొదటిసారి సోమవారం చూపించుకుని ఉంటే, తిరిగి గురువారం వెళితే వేరే యూనిట్ వైద్యులు ఉండవచ్చు. వారు మీ కేసు కొత్తగా చూడాలి, లేదా పాత యూనిట్ రోజునే రమ్మని చెప్పాలి. అందుకే చీటీ మీద రాసిన యూనిట్ సంఖ్యను, ఆ యూనిట్ ఓపీ రోజులను మొదటిరోజే అడిగి ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకోండి. గుండె, మూత్రపిండాలు, నరాల వంటి ప్రత్యేక విభాగాల ఓపీ కొన్నిచోట్ల వారానికి ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఆ సంగతి విచారణ కౌంటర్లోనో, అదే ఆసుపత్రికి వెళ్లివచ్చిన ఊరివాళ్ల ద్వారానో ముందే కనుక్కోవాలి. పండగ మర్నాడు, వరుస సెలవుల తరవాతి సోమవారం వీలైనంతవరకు వద్దు.

ఫైలు

వైద్యుడికి దొరికే నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు కాగితాలు వెతకడానికే పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ప్లాస్టిక్ సంచిలో ఉండచుట్టి తెచ్చిన ఎక్స్‌రేలు, తేదీలు చెరిగిపోయిన చీటీలు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో చెప్పలేని మనిషి, వెనక నిలబడ్డ వంద మంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, కానీ నష్టం మాత్రం రోగిదే. ఒక అట్ట ఫైలు కొని కాగితాలను తేదీల వరుసలో, కొత్తది పైన ఉండేలా పెట్టండి. అన్నిటికంటే పైన తెల్లకాగితం మీద ఈ వివరాలు రాయండి: వయసు, ఉన్న జబ్బులు, ఎన్నేళ్ల నుంచి, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు, మోతాదు. మాత్రల పేరు రాయడం కష్టమైతే ఖాళీ అట్టలనే తీసుకువెళ్లండి. నాటుమందు వాడుతుంటే దాన్నీ చెప్పండి. కోప్పడతారని దాచిపెడితే కాలేయం, మూత్రపిండాల పరీక్షల్లో తేడా ఎందుకు వచ్చిందో వైద్యుడికి అర్థం కాదు.

ఆధార్, రేషన్ లేదా ఆరోగ్య కార్డు జిరాక్సులు రెండేసి ఉంచుకోండి. ఆసుపత్రి ఎదుట జిరాక్సు దుకాణం ఉంటుంది, అక్కడా వరుస ఉంటుంది. స్మార్ట్‌ఫోను ఉన్నవారు ఇంటి దగ్గరే 14 అంకెల ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు) సంఖ్య తీసుకోవడం మంచిది. 2022 నుంచి చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గోడమీది క్యూఆర్ కోడ్‌ను ఆభా యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా వివరాలు కౌంటర్‌కు చేరి టోకెన్ సంఖ్య వస్తుంది. వివరాలు చెబుతూ, వాటిని టైపు చేసేదాకా నిలబడే పని తప్పుతుంది. ఆ టోకెన్ కొద్దిసేపే చెల్లుతుంది కాబట్టి ఆసుపత్రి ఆవరణలోకి వెళ్లాకే స్కాన్ చేయాలి.

ఆ రోజు ఉదయం

ఇద్దరు వెళ్లగలిగితే ఒకరు రోగి పక్కన ఉండాలి, మరొకరు వరుసలు చూసుకోవాలి. ఒక్కరే ఉంటే, రోగిని గది ముందు కూర్చోబెట్టి, పక్కనున్నవారికి చెప్పి చీటీకి వెళ్లవచ్చు. ధర్మాసుపత్రి బెంచీ మీద ఆ మాత్రం సాయం అడిగితే కాదన్నవారిని నేను చూడలేదు. చాలాచోట్ల మహిళలకు, వృద్ధులకు, దివ్యాంగులకు వేరే వరుస ఉంటుంది. బోర్డు కనబడకపోయినా అడగండి.

పరగడుపు పరీక్ష పడవచ్చని అనిపిస్తే ఏమీ తినకుండా వెళ్లి, నమూనా ఇచ్చిన వెంటనే తినేలా టిఫిను వెంట తీసుకెళ్లండి. అయితే ఇన్సులిన్ గానీ, షుగరు మాత్ర గానీ వేసుకుని ఆకలితో వరుసలో నిలబడకూడదు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే పరీక్ష సంగతి పక్కనబెట్టి వెంటనే పంచదార నీళ్లో, గ్లూకోజో ఇవ్వాలి. షుగరు పడిపోయి బెంచీ మీదే స్పృహ తప్పినవారిని రెండుసార్లు చూశాను. ఇద్దరి చేతుల్లోనూ పరీక్షల చీటీ ఉంది.

చీటీ తీసుకున్న వెంటనే మూడు ప్రశ్నలు అడగాలి: ఏ గది, ల్యాబులో నమూనాలు ఎన్నింటిదాకా తీసుకుంటారు, రిపోర్టులు ఎన్నింటికి, ఎక్కడ ఇస్తారు. రిపోర్టు వచ్చేసరికి వైద్యుడు ఓపీ ముగించి వెళ్లిపోతారన్నది రోగుల ప్రధాన బాధ. కాబట్టి పరీక్షలు రాసినప్పుడే, ‘రిపోర్టు మధ్యాహ్నం వస్తే ఎవరికి చూపించాలండీ?’ అని అడగండి. చాలాసార్లు వార్డులో ఉండే పీజీ వైద్యుల పేరో, గది సంఖ్యో చెబుతారు. ఆ ఒక్క ప్రశ్న మాకు కనీసం నాలుగు ప్రయాణాలు తప్పించింది.

గదిలోకి వెళ్లాక మొదటి వాక్యంలోనే అసలు బాధ, అది ఎన్ని రోజులుగా ఉందో చెప్పండి. ‘పదిహేను రోజులుగా కుడికాలి పుండు మానడం లేదు, మూడు రోజులుగా వాసన వస్తోంది’ అంటే వైద్యుడు వెంటనే కట్టు విప్పిస్తారు. ఊళ్లో ఏ ఆర్‌ఎంపీ ఏ ఇంజక్షన్ ఇచ్చారన్నది తరవాత చెప్పవచ్చు. బయటికి వచ్చే ముందు మందులు ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆ తేదీకి ఆగకుండా రావాలి అన్నవి తెలుసుకోవాలి.

వరుసలో ఆగకూడని వేళలు

పైన చెప్పినదంతా ఓపిక పట్టగలిగే జబ్బులకు. కొన్ని లక్షణాలకు ఓపిక ప్రాణాంతకం. మర్యాదస్తులైన మన పెద్దలు, ‘అందరూ కూర్చున్నారు కదా’ అని ఛాతీనొప్పిని పట్టుకుని ఓపీ వరుసలో నిలబడతారు. అలా నిలబడనివ్వకండి.

ఛాతీ మధ్యలో బరువుగా నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం, ఆగని రక్తస్రావం, ఫిట్స్, పాముకాటు, పురుగుమందు తాగడం, గర్భిణికి రక్తం పోవడం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం, రెండు నెలల లోపు పసికందుకు జ్వరం రావడం లేదా పాలు తాగకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఓపీ చీటీ అక్కర్లేదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. పక్షవాతానికి మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాబట్టి మూతి వంకర పోయిన సమయాన్ని గడియారం చూసి గుర్తుపెట్టుకుని వైద్యుడికి చెప్పండి. రాత్రి బాగానే పడుకుని తెల్లారి అలా లేస్తే, చివరిగా ఎప్పుడు మామూలుగా ఉన్నారో ఆ సమయం చెప్పాలి. డెంగీలో జ్వరం తగ్గాక కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం మొదలైతే, జ్వరం తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు.

దారిలోనే ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోను చేయండి. ప్రమాదాల కేసుల్లో పోలీసులు వచ్చేదాకా చికిత్స మొదలుపెట్టబోమనే మాటను ఒప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు ఆ తరవాతేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అత్యవసర విభాగంలో కూడా వచ్చిన వరుసలో చూడరు, ప్రాణాపాయం ఉన్నవారిని ముందు చూస్తారు. మీ తరవాత వచ్చిన వ్యక్తిని ముందు తీసుకెళితే అది పక్షపాతం కాకపోవచ్చు. అయితే ఎదురుచూస్తుండగా మీ రోగి పరిస్థితి మారితే ఊరుకోకూడదు. ‘ఏమిటీ ఆలస్యం’ అని గద్దించడం కంటే, ‘సిస్టర్, అరగంట క్రితం మాట్లాడారు, ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు, ఒక్కసారి బీపీ చూడండి’ అని మారిన లక్షణాన్ని చెప్పండి. దానికి నర్సు కదలక తప్పదు.

డబ్బు అడిగినప్పుడు

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. చేర్చుకునే ముందే ఆ కౌంటర్‌కు వెళ్లి మీ జబ్బు జాబితాలో ఉందా, అనుమతి కోసం పంపించారా అని అడగాలి. అడ్వాన్సు కట్టేశాక అడిగితే తిరిగి రాబట్టుకోవడం కష్టం. పథకం కింద చేరిన రోగిని ఆ చికిత్సకు విడిగా డబ్బు అడిగితే 104కి చెప్పవచ్చు.

ఫిర్యాదు

స్ట్రెచర్ తోయడానికి డబ్బు అడగడం, విసుక్కుని కసరడం, మందు ఉండి కూడా బయట కొనమనడం వంటివి జరిగితే కేకలు వేయాలనిపించడం సహజం. కానీ రాత్రంతా మేలుకుని ఉన్న హౌస్ సర్జన్ మీదికి వెళితే మందుల కొరత తీరదు, వారిమీద చేయి చేసుకోవడం నేరం కూడా. ఆసుపత్రి పాలన చూసే ఆర్‌ఎంఓ గది ఎక్కడుందో కనుక్కుని, ముందు నోటితో చెప్పండి. మా అనుభవంలో సగం సమస్యలు ఆ గుమ్మం దగ్గరే తీరాయి. తీరకపోతే సూపరింటెండెంట్ పేరిట ఒక పేజీ అర్జీ రాయండి. తేదీ, సమయం, ఓపీ సంఖ్య, వార్డు, జరిగిన సంగతి, మీరు కోరుతున్న పరిష్కారం ఉండాలి. తిట్లు, ఊహలు ఉండకూడదు. ‘సిబ్బంది పట్టించుకోవడం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఫలానా తేదీ రాత్రి 11 నుంచి 2 దాకా ఫలానా వార్డులో సెలైన్ అయిపోయినా మార్చలేదు’ అని రాస్తే ఆ వేళ డ్యూటీలో ఎవరున్నారో రిజిస్టరు చూసి తేల్చవచ్చు. అక్కడా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి, తెలంగాణలో అయితే ప్రజావాణికి, అదే అర్జీ నకలుతో వెళ్లండి.

డబ్బు కట్టి చికిత్స పొందిన ప్రైవేటు ఆసుపత్రి నిర్లక్ష్యం చేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 1995లో వి.పి.శాంత కేసు తీర్పుతో వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వచ్చాయి. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోను చేస్తే పద్ధతి చెబుతారు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి ఇది వర్తించదు.

ఎక్కడికి వెళ్లినా ముందు కావలసింది వైద్య రికార్డు. రోగి గానీ, అధికారం పొందిన బంధువు గానీ అడిగితే 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. బిల్లు బాకీ ఉందన్న కారణంతో రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. రికార్డుల కోసం దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లి రసీదు వచ్చే పద్ధతిలో పంపించి, ఆ రసీదును కూడా ఫైలులో తేదీ వరుసలో పెట్టుకోండి.