సీప్యాప్ పెట్టుకున్నా నిద్ర తీరట్లేదా? దిండు పక్కన ఒక నోట్‌బుక్ ఉంచండి

స్లీప్ ఆప్నియాకి (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) సీప్యాప్ మిషన్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) వాడుతున్నా పొద్దున్నే తల దిమ్ముగా లేచేవాళ్లకి ఈ మాట. మిషన్ స్క్రీన్ మీద ఏహెచ్ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె, 5 కంటే తక్కువ ఉంటే ఊపిరి ఆగడం చాలావరకు అదుపులో ఉన్నట్టే. కానీ అది గంటకు సగటు. మాస్క్ తీసేసి పడుకున్న సమయం అందులోకి రాదు. నేను మూడు నెలలు ఆ ఒక్క అంకె చూసే సరిపెట్టుకున్నాను.

తర్వాత రెండు వారాలు రోజూ రాశాను: ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచేసరికి నోరు ఎండిందా, సాయంత్రం టీ ఎప్పుడు తాగాను, పొద్దున హుషారు పదికి ఎంత. మిషన్‌లోని ఎస్‌డీ కార్డును ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను (కార్డు అంచున ఉండే చిన్న లాక్ వేశాకే కంప్యూటర్‌లో పెట్టండి). చూస్తే, కొన్ని రాత్రులు మూడు దాటాక గాలి ఎంత బయటికి పోతోందో చూపే లీక్ గీత ఒక్కసారిగా పైకి లేస్తోంది. నోరెండిన రోజులూ అవే! నిద్రలో నోరు తెరుచుకుని గాలంతా బయటికి పోతోందన్నమాట. డాక్టరుగారికి చూపిస్తే ముక్కు, నోరు రెండూ కప్పే మాస్క్ రాశారు. వారం తిరిగేసరికి తేడా తెలిసింది.

మిషన్ గాలి ప్రెషర్ మాత్రం మీ అంతట మీరు మార్చకండి. స్మార్ట్‌వాచ్ చూపించే గాఢనిద్ర నిమిషాలు చూసి టెన్షన్ పడకండి, అవి అంచనాలే. లీక్ లేకున్నా మగత తగ్గకపోతే థైరాయిడ్, ఐరన్, మీరు వాడే మందుల గురించి డాక్టరుని అడగండి. పగలు కళ్లు మూతలు పడుతున్నన్నాళ్లూ దయచేసి బండి నడపకండి.